పెద్దింటయ్య హార్మోనియంలో ఆరు స్క్రూలు

ఏలూరులో రైలుపట్టాలను ఆనుకుని పోయే ఒక వీధిలో ఆబిదా ఇల్లు. ముందుగది షాపు, వెనకగది సంసారం. షాపుకి ఒకప్పుడు బోర్డు ఉండేది. గాలివానకి అది ఎగిరిపోయాక ఆబిదా తండ్రి ఇమాం సాహెబ్ కొత్తది రాయించలేదు. హార్మోనియం పాడైనవాడు ఎలాగూ వెతుక్కుంటూ వస్తాడు, పాడవనివాడికి బోర్డు చూపించి చేసేదేముంది అన్నాడు. ఆ తర్వాత వచ్చేవాళ్ళు నిజంగానే వెతుక్కుంటూ వచ్చేవారు. కొందరు దొరక్క వెనక్కి పోయారని కూడా వీధిలో చెప్పుకునేవారు.

భజన సమాజాల పెట్టెలు, నాటకాల వాళ్ళ పెట్టెలు, చర్చి పెట్టెలు, అన్నీ ఇమాం సాహెబ్ చేతిలో పడినవే. ఆ చేతులు వణుకుతున్న సంగతి ముందు టీ గ్లాసు దగ్గర తెలిసింది, తర్వాత రీడ్ల దగ్గర తెలిసింది. రీడంటే వేలెడు పొడుగు ఇత్తడి రేకు. గాలి తగిలితే దాని నాలుక ఆడి స్వరం పలుకుతుంది. ఆ నాలుకని ఆకురాయితో ఒక్కసారి గీకితే స్వరం సరిపోతుంది, ఇంకోసారి గీకితే రేకు మార్చుకోవాలి. అప్పట్లో ఆబిదా వెనకగదిలో జాకెట్లు కుట్టేది. ఒకరోజు ఇమాం సాహెబ్ పిలిచి, ఈ రీడు కాస్త పట్టుకో అన్నాడు. పట్టుకుంది. మళ్ళీ ఆమెకి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళే తీరిక దొరకలేదు. దీని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఏమీ మాట్లాడుకోలేదు. పదేళ్ళు దాటింది.

ఇమాం సాహెబ్ మంచం మాత్రం షాపులోనే ఉండిపోయింది. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి తీయాలి. ఆ మంచం మీద కూర్చుని ఆయన కూతురి పనిని చెవులతో చూసేవాడు. స్క్రూడ్రైవర్ కిర్రుమంటే చాలు, "బలవంతం చెయ్యకమ్మా" అనేవాడు. ఆయన విద్య అంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. స్క్రూ రానంటే నూనె చుక్క వెయ్యి, వేడి చూపించు, వదిలేసి అన్నం తిను, రేపు అడుగు. బలవంతం చేస్తే స్క్రూ తల పోతుంది. తల పోయిన స్క్రూని ఆ పైవాడు కూడా మర్యాదగా బయటికి రప్పించలేడు.

ఆబిదా ఈ మాటని స్క్రూల కంటే ఎక్కువగా భర్త మీద వాడింది. ఇలియాస్ పచ్చడి సీసా మూత విరగ్గొట్టినప్పుడు, బీరువా తాళంచెవి తాళంలోనే మెలితిప్పినప్పుడు, అరచి గోల చెయ్యకుండా, "మా నాన్న ఏనాడూ బలవంతం చెయ్యలేదు" అనేది. ఇలియాస్ ఆ సీసానో ఆ తాళాన్నో చూస్తూ నిలబడేవాడు. 

ఇలియాస్ వాళ్ళ తాతలు తివాచీలు నేసినవాళ్ళు. అతని చేతికి మగ్గం వచ్చేసరికి తివాచీ కొనేవాళ్ళు తగ్గిపోయారు. రీచార్జి షాపు పెట్టాడు. జనం ఇళ్ళలో కూర్చుని ఎవరి ఫోన్లకి వాళ్ళే రీచార్జి చేసుకోవడం మొదలెట్టారు. ఆటో కొన్నాడు, ఆ ఏడే ఊళ్ళో సగంమంది ఆటోలు కొన్నారు. ఇప్పుడు ఇళ్ళకీ షాపులకీ సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. ఏ పనిలోకి దిగినా అతను ముందు పనిముట్లు కొనేవాడు, తర్వాత పని నేర్చుకునేవాడు. కెమెరాల కోసం బ్యాటరీతో నడిచే డ్రిల్లు కొన్నాడు. అది రంధ్రాలు చేస్తుంది, స్క్రూలు బిగిస్తుంది, తీస్తుంది, ముందు చిన్న లైటు కూడా వెలుగుతుంది. గోడలో నీళ్ళ పైపు ఎక్కడుందో ఆ డ్రిల్లు కనిపెట్టినంత తొందరగా ఏ ప్లంబరూ కనిపెట్టలేదు. అయినా ఇలియాస్ మంచివాడని వీధిలో పేరు. పైపు పగలగొట్టిన ఇంటికి తనే వెళ్ళి నీళ్ళు మోసిపెట్టి వచ్చేవాడు.

ఆ వేసవి చివర్లో ఒక పొద్దున గంగారత్నం వచ్చింది. మండవల్లి అవతల చేపల చెరువుల మధ్య ఊరు ఆమెది. మొగుడు కృష్ణబాబుతో కలిసి చెరువు కౌలుకి చేస్తుంది. యాభై దాటిన మనిషి. కైకలూరులో బస్సు మారి, చేపలు పంపే ప్లాస్టిక్ ట్రేలో పాత హార్మోనియం పెట్టుకుని, పైన టవలు కప్పి తెచ్చింది. ట్రేని ఎంత కడిగినా అది తన వృత్తిని మర్చిపోలేదు. షాపులో ఆ వాసన నాలుగు రోజులు నిలిచింది.

హార్మోనియం వాళ్ళ నాన్న పెద్దింటయ్యది. భజనలకీ పౌరాణిక నాటకాలకీ వాయించేవాడు. ఆయన పోయాక అన్నదమ్ములు పెట్టె తమకొద్దన్నారు, చోటు చాలదని. గంగారత్నం తెచ్చుకుంది. ఆమె చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదట. తుడవడానికి కూడా అమ్మకే తప్ప ఆడపిల్లకి ఇచ్చేవాడు కాదట. ఇప్పుడు నేర్చుకుందామనుకుంటోంది. అయితే తిత్తి ఊదుతుంటే గాలి వస్తోంది గానీ పాట రావడం లేదు. సగం మెట్లు మూగబోయాయి, మిగతావి చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు మిషనులా రొదపెడుతున్నాయి.

ఎవరి కోసం, ఎంత తొందర అని ఆబిదా అడిగింది. పెట్టె ఎన్నాళ్ళకి కావాలో తెలుసుకోవాలిగా.

"నాకేనండి. తొందరేం లేదు. యాభై ఏళ్ళు ఆగాను గదా" అంది గంగారత్నం.

మంచం మీద ఇమాం సాహెబ్ పెద్దింటయ్య పేరు వినగానే గుర్తుపట్టాడు. గట్టి మనిషి, గట్టి గొంతు అన్నాడు. ఈ పెట్టె ఒకసారి తన దగ్గరికి వచ్చినట్టు గుర్తన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఆబిదా ఆ సాయంత్రమే పెట్టె విప్పింది. పై చెక్క, మెట్లు తేలిగ్గానే వచ్చాయి. లోపల రీడ్లన్నీ బిగించిన పెద్ద పలక ఉంటుంది. దాన్ని తీస్తే గాని రీడ్లకు పట్టిన చిలుము తుడవడం కుదరదు. ఆ పలకని కింది చెక్కకి పట్టి ఉంచినవి ఆరు ఇనుప స్క్రూలు. కొల్లేటి తేమలో ఏళ్ళ తరబడి ఉండి అవి తుప్పుతో చెక్కలో కలిసిపోయాయి. అది మామూలే. మామూలు కానిది ఇంకోటి కనిపించింది. స్క్రూడ్రైవర్ ఆనాల్సిన గాడి ప్రతి స్క్రూకీ నలిగి, అంచులు దగ్గరికి ముడుచుకుపోయి ఉంది. ఎవరో మొరటుగా పనిచేశారు. ఆబిదా తండ్రి వేలిని తీసుకెళ్ళి ఒక స్క్రూ మీద పెట్టింది. ఇమాం సాహెబ్ తడిమి చూసి పెదవి విరిచాడు.

"ఇది పనివాడు చేసిన పని కాదమ్మా" అన్నాడు. ఏ కమ్మరివాడో అయ్యుంటాడని కూడా అన్నాడు.

నలిగిన గాడుల్ని ఆబిదా సన్న ఆకురాయితో కొంచెం కొంచెం తెరిచింది. చీపురుపుల్ల కొసతో ఒక్కో స్క్రూ మొదట్లో తుప్పు వదిలే నూనె చుక్క వేసింది. ఎక్కువ వేస్తే చెక్క పీల్చుకుంటుంది, జిగురు పట్టదు. మర్నాడు ఆమె తాడేపల్లిగూడెం వెళ్ళాలి. చెల్లెలు ఆలియా అక్కడ ఇల్లు కట్టుకుంది, గృహప్రవేశానికి రమ్మంది. తిరిగొచ్చేదాకా నూనె తన పని తను చేసుకుంటుంది, అప్పుడు చూద్దామనుకుంది. వెళ్ళేముందు ఇలియాస్‌కి అన్నం ఎక్కడుందో, కూర ఎక్కడుందో, నాన్నకి కంటి చుక్కలు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. హార్మోనియం గురించి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆమెకి తోచలేదు.

ఆ రెండు రోజులూ ఇలియాస్‌కి కెమెరాల పని తగల్లేదు. మామగారికి కంటి చుక్కలు వేశాడు. షాపు ఊడ్చాడు. బల్లమీద విప్పిన పెట్టె కనిపించింది. భార్య వచ్చేసరికి ఈ ఆరు స్క్రూలూ తీసి పెడితే ఆమెకి ఒక రోజు పని కలిసొస్తుంది కదా అనుకున్నాడు. మధ్యాహ్నం ఇమాం సాహెబ్ నిద్రపోతున్నాడు. డ్రిల్లుకి స్క్రూడ్రైవర్ ముక్క బిగించి, మొదటి స్క్రూ మీద ఆనించి, నొక్కాడు. డ్రిల్లు జుయ్యిమని తిరిగింది. స్క్రూ తిరగలేదు. మొదటిదాని తల గుండ్రంగా అరిగిపోయాక, లోపం తాను నొక్కిన బలం చాలకపోవడంలో ఉందని ఇలియాస్ తేల్చుకుని, రెండోదాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కాడు. మూడోదానికి మోకాలు కూడా ఆనించాడు. ఆరోది అయ్యేసరికి ఇమాం సాహెబ్ నిద్రలేచి, ఆ చప్పుడేమిటి అని అడిగాడు. పక్కింటివాళ్ళు మిక్సీ వేశారని చెప్పాడు ఇలియాస్. అతను జీవితంలో ఆడిన అబద్ధాలు తక్కువ. అందుకే అది సరిగ్గా అతకలేదు. పక్కింటి వాళ్ళు ఊళ్ళో లేరు.

ఆబిదా తిరిగొచ్చేసరికి ఇలియాస్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సంచీ అందుకుని, ముందు మంచినీళ్ళు తాగమన్నాడు. అలా అతను ఎప్పుడూ అనడు. ఆమె నీళ్ళు తాగకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆరు స్క్రూల తలలూ కొత్త రూపాయి బిళ్ళల్లా నున్నగా మెరుస్తున్నాయి. గాడి అనేది ఉండేదని ఎవరైనా ప్రమాణం చేసి చెప్తే తప్ప నమ్మలేం.

"తీసి పెడదామనుకున్నాను" అన్నాడు ఇలియాస్.

ఆబిదా వెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నం వండింది. వడ్డించింది. ఆలియా పంపిన స్వీట్లు అందరికీ పంచింది. అయితే ఇలియాస్‌తో మాట్లాడలేదు. ఎప్పుడూ అనే మాట కూడా అనలేదు. ఆ మాట అనేసి ఉంటే బాగుండునని ఇలియాస్ అనుకున్నాడు. ఆమె తాడేపల్లిగూడెం నుంచి వస్తూ రైల్లో ఏం ఆలోచించిందో అతనికి తెలియదు. ఆ రోజు గంగారత్నం పెట్టెని వదిలి వెళ్తూ దాని మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. అదే ఆబిదాకి దారంతా గుర్తొచ్చింది. ఈసారి పాడైంది పచ్చడి సీసా కాదు. పరాయివాళ్ళ వస్తువు, అదీ నమ్మి వదిలి వెళ్ళిన వస్తువు.

మర్నాడు పని మొదలుపెట్టింది. రెండు స్క్రూల తలలు చెక్కకంటే వెంట్రుకవాసి పైకి లేచి ఉన్నాయి. వాటి మీద ఇనుము కోసే యాక్సా బ్లేడు ముక్కతో కొత్త గాడి కోసింది. చెక్కకి గీత పడకుండా చుట్టూ రేకు ముక్క పెట్టుకుంది. సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కించి తల మీద ఆనించి, కాసేపుంచి, తీసి, చల్లారనిచ్చి, మళ్ళీ ఆనించింది. ఇనుము వేడికి ఉబ్బి, చల్లారి ముడుచుకుంటే తుప్పు పట్టు సడలుతుంది. మధ్యాహ్నానికి ఆ రెండూ వచ్చాయి. మూడోదాన్ని, ఒక పక్క కాస్త లేచిన అంచు దగ్గర కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పితే సగంలో విరిగింది. కింది ముక్క చెక్కలోనే ఉండిపోయింది. దాని పక్కన కొత్త రంధ్రం వేసుకుంటే సరిపోతుంది, ఆ చోట పలకని పట్టి ఉంచేది ఏమీ మిగల్లేదు కనక దాన్ని అలాగే వదిలేసింది.

మిగిలిన మూడూ చెక్కలోకి దిగి కూర్చున్నాయి. పట్టుకోవడానికి అంచు లేదు, కొయ్యడానికి చోటు లేదు. వేడికి కదల్లేదు. రెండో రోజు వేడికీ కదల్లేదు. ఇంక మిగిలిన దారి ఒక్కటే. స్క్రూని ముట్టుకోకుండా దాని చుట్టూ ఉన్న చెక్కని గుండ్రంగా కోసి, చెక్కతో సహా స్క్రూని పైకి లాగెయ్యాలి. ఆ గుంటని టేకు ముక్కతో పూడ్చి జిగురు పెడితే, మళ్ళీ కొత్త స్క్రూ బిగించుకోవచ్చు. పాత రేడియో ఏరియల్ గొట్టం ముక్క ఒకటి కోసి, దాని అంచుకి ఆకురాయితో పళ్ళు పెట్టింది. అది స్క్రూ తల చుట్టూ సరిపోయేంత ఉంది. అయితే దాన్ని చేత్తో తిప్పితే చెక్క పొట్టు కూడా రాలలేదు. అది తిరగాలంటే డ్రిల్లు కావాలి.

ఆబిదా ఆ గొట్టాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఒక గూడ్సు బండి వెళ్ళింది, బల్ల మీద రీడ్లు సన్నగా మోగాయి. అది పూర్తిగా వెళ్ళిపోయాక వెనకగదిలోకి చూస్తూ అంది.

"ఏవండీ, మీ డ్రిల్లు తెండి."

ఇలియాస్ డ్రిల్లు తెచ్చి ఆమె చేతికి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. తను గొట్టాన్ని నిలువుగా పట్టి ఉంచాలి, రెండు చేతులూ దానికే సరిపోతాయి. డ్రిల్లు అతనే పట్టుకోవాలి. ఈ సంగతి అతనికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక అతను చొక్కా చేతులు పైకి మడిచాడు.

గొట్టం అటూ ఇటూ జరగకుండా ఆమె ఒక చెక్కపట్టీకి రంధ్రం చేసి పలక మీద బిగించి ఉంచింది. గొట్టం ఆ రంధ్రంలోంచి దిగాలి. మెల్లగా తిప్పమంది. అతను తిప్పాడు. ఇంకా మెల్లగా అంది. అంతకంటే మెల్లగా ఆ డ్రిల్లు తిరుగుతుందని ఇలియాస్‌కి అప్పటిదాకా తెలియదు. గోడల దగ్గర ఆ అవసరం రాలేదు. బటన్ మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి, గొట్టం చెక్కలోకి దిగుతుంటే చూస్తూ ఉన్నాడు. పొట్టు సన్నగా పైకి వచ్చింది. మంచం మీద నుంచి ఇమాం సాహెబ్, బలవంతం చెయ్యకండి అన్నాడు. ఇద్దరూ సరే అన్నారు.

గొట్టం బయటికి తీసి, లోపలి చెక్కబిళ్ళని సన్న ఉలితో కదిపితే, స్క్రూని కౌగిలించుకున్న చెక్కముక్క కాల్చి పారేసిన చుట్టపీకంత మేర పైకి వచ్చింది. ఇలియాస్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆబిదా దాన్ని తీసుకుని ఉలితో నిలువునా చీల్చింది. అలా చీల్చాల్సిన పని లేదు. తుప్పు ఎంత లోతుకి పాకిందో చూద్దామనుకుంది.

స్క్రూ తిరుగుతూ దిగితే దాని మరలు చెక్కలో అచ్చు పడతాయి. ఈ చెక్కలో అచ్చు లేదు. చెక్క పీచు అంతా కిందికి వంగిపోయి, చిరిగి ఉంది. ఈ స్క్రూని ఎవరూ తిప్పి బిగించలేదు. మేకులా సుత్తితో దిగగొట్టారు. గాడులు నలిగిపోయింది అందుకే. ఇన్నాళ్ళూ రాకపోవడమూ అందుకే. అవి స్క్రూ వేషంలో ఉన్న మేకులు.

మిగతా రెండూ కూడా అలాగే తీశారు. వాటిదీ అదే కథ. అప్పుడు పలక పైకి లేచింది. దాని కింద, గాలి బయటికి పోకుండా వేసిన తోలు పట్టీ కనిపించింది. ఎర్రటి మేకతోలు. మూలల దగ్గర చదరంగా కాకుండా నెలవంకలా కోసి ఉంది. తోలు అలా కోసే మనిషి ఈ జిల్లాలో ఒక్కడే. ఆబిదాకి కూడా అలా కొయ్యడం ఆయనే నేర్పాడు. తోలు ఎక్కడా చినగలేదు, ఊడదీసి మళ్ళీ అతికిన జాడ లేదు. అంటే ఆయన మూసిన తర్వాత ఈ పలకని ఇంకెవరూ తెరవలేదు.

ఇలియాస్‌కి తోలు సంగతి తెలియదు. కానీ భార్య ముఖం చూసి, చూపు తిప్పి మామగారి వైపు చూసి, మళ్ళీ భార్యని చూసి, అతను కూడా ఆ మనిషెవరో తెలుసుకున్నాడు. డ్రిల్లుకి ఉన్న చిన్న లైటు ఆర్పేశాడు.

ఆబిదా చీల్చిన చెక్కముక్కనీ స్క్రూనీ తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టింది. ఇమాం సాహెబ్ బొటనవేలితో స్క్రూని తడిమాడు. చెక్కని తడిమాడు. పీచు ఎటు వంగిందో వేలికి తెలిసింది. తర్వాత అడిగాడు, లోపల తోలు ఏ రంగుదని. ఎరుపు అని చెప్పింది.

ఆయన స్క్రూని పిడికిట్లో మూశాడు.

"నాన్నా, సుత్తితో కొట్టారా?" అంది ఆబిదా.

"సుత్తి దగ్గరగా ఉందమ్మా" అన్నాడు ఇమాం సాహెబ్.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. పెద్దింటయ్య పొద్దున వచ్చాడు, పెట్టె సాయంత్రానికి కావాలన్నాడు. గుమ్మంలోంచి కదల్లేదు. కైకలూరు బస్సు పోతుందని ప్రతి ఐదు నిమిషాలకీ ఒకసారి చెప్పాడు. పని అంతా సవ్యంగానే అయింది, రీడ్లు పలికాయి, తోలు అతికింది. చివర ఆ ఆరు స్క్రూలూ మిగిలాయి. పాత రంధ్రాలు అరిగి వదులైపోయాయి. కొత్తవి వెయ్యాలంటే ముందు సన్నగా రంధ్రం చేసుకోవాలి. బస్సు హారన్ వినిపించిందని పెద్దింటయ్య అన్నాడు. అసలు బస్‌స్టాండు ఇక్కడికి వినపడదు. అయినా తను కూడా విన్నట్టే అనిపించింది. సుత్తి తీసుకున్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఇమాం సాహెబ్ ఎవరికీ సలహా ఇవ్వలేదు. స్క్రూడ్రైవర్ కిర్రుమన్నా పలకలేదు. ఆబిదా ఒకసారి కావాలనే కాస్త చప్పుడు చేసింది, అయినా పలకలేదు. చిన్నప్పటి నుంచీ ఆ గొంతు కింద పనిచెయ్యడం అలవాటైన మనిషికి ఆ నిశ్శబ్దంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోపం వచ్చింది, కానీ ఎవరి మీద రావాలో అర్థం కాలేదు. ఇలియాస్ మీద పెట్టుకున్న కోపానికి కింద ఉన్న రాయి ఎవరో లాగేశారు. ఇన్నేళ్ళూ పచ్చడి సీసాలకీ తాళాలకీ తను తండ్రిని సాక్షిగా పిలిచింది. ఆ సాక్షి ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఆశ్చర్యంగా ఆ ఇంట్లో హుషారుగా ఉన్నది ఇలియాస్ ఒక్కడే. అయితే ఆ సంగతి పైకి ఒక్క మాట కూడా అనలేదు. మామగారిని ఎన్నడూ లేని గౌరవంతో చూశాడు. మంగలి దగ్గరికి తీసుకెళ్ళి గడ్డం గీయించాడు. టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేయించాడు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, తను ఏలూరులో ఎవరెవరి ఇళ్ళలో నీళ్ళ పైపులు పగలగొట్టాడో వరసగా చెప్పాడు. ఇమాం సాహెబ్ అంతా విని, పైపు గోడలో ఎంత లోతున ఉంటుందని అడిగాడు. ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం ఆబిదా అదే మొదటిసారి వినడం.

ఆమె గుంటల్ని టేకు ముక్కలతో పూడ్చింది. ఆ ముక్కల్ని కోసి, గుండ్రంగా అరగదీసి ఇచ్చింది ఇలియాస్. రెండు లావయ్యాయి, ఒకటి సన్నమైంది, మళ్ళీ చేశాడు. ఆమె రీడ్లు తుడిచి, స్వరం చూసి, ముందు సన్న రంధ్రాలు చేసి, మరలకి కాస్త మైనం రాసి, కొత్త ఇత్తడి స్క్రూలు తిప్పి బిగించింది. ఇత్తడికి తుప్పు పట్టదు.

గంగారత్నం వచ్చిన రోజు జరిగినదంతా చెప్పెయ్యాలని ఆబిదా ముందే అనుకుంది. భర్త సంగతి చెప్తుంది. తండ్రి సంగతి చెప్పదు. పెద్దాయన, ఆ వయసులో ఆయన్ని నిలబెట్టడం ఎందుకు. కానీ ఆమె నోరు తెరవకముందే ఇలియాస్ ముందుకొచ్చి, డ్రిల్లుతో తలలన్నీ అరగదీసింది తనేనని ఒప్పుకున్నాడు. గంగారత్నం అలాగా అని తలూపింది. అప్పుడు మంచం మీద ఇమాం సాహెబ్ లేచి కూర్చున్నాడు.

"మా అల్లుడి తప్పు కాదమ్మా. ఆ స్క్రూలు రాకుండా చేసింది నేను. సుత్తితో కొట్టాను. మీ నాన్నగారు బస్సు పోతుందన్నారు."

గంగారత్నం ఆయన వంక చూసింది. అది ఎన్నేళ్ళ కిందట అని అడిగింది. ఆయనకి సరిగ్గా తెలియదు. ఎండాకాలమని మాత్రం చెప్పాడు, పెద్దింటయ్య వెంట అరటిగెల కూడా ఉందని, గుమ్మంలో ఆనించాడని చెప్పాడు.

"నా పెళ్ళిరోజండి అది" అంది గంగారత్నం. "మా నాన్న ఆ పెట్టె ఏలూరు తెచ్చింది ఒక్కసారే. పెళ్ళి పెట్టుకుని పొద్దున్నే ఎటో పోయాడని మా అమ్మ తిట్టింది. మీరు సుత్తితో కొట్టకపోతే నా పెళ్ళికి పాట లేదండి సాయిబుగారూ."

ఇంకా చెప్పింది. పెళ్ళంతా వాయిస్తూనే ఉన్నాడట. తెల్లారి అప్పగింతలప్పుడు అమ్మ, పెద్దమ్మలు అందరూ ఏడిచారట. ఆయన మాత్రం పెట్టె ముందు నుంచి లేవలేదట, వాయించుకుంటూ కూర్చున్నాడట. కూతురు వెళ్ళిపోతుంటే తల కూడా ఎత్తలేదట. దాని మీద ఆమెకి చాలా ఏళ్ళు కోపం ఉండిపోయిందట. 

ఇమాం సాహెబ్ పెట్టెని తన ముందుకి జరపమన్నాడు. గంగారత్నాన్ని ఎదురుగా కూర్చోమని, తిత్తి ఎలా ఊదాలో, షడ్జం మెట్టు ఏదో చూపించాడు. ఆమె వేలు గట్టిగా నొక్కింది. పెట్టె పలికింది. లోపల రీడ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి కనక చాలా గట్టిగా పలికింది. అంత గట్టిగా నొక్కనక్కర్లేదని ఇమాం సాహెబ్ చెప్పబోయి, ఏమనుకున్నాడో ఆగి, ఇంకోసారి నొక్కమన్నాడు.

వారానికొకసారి మంగళవారాలు ఆమె వచ్చి నేర్చుకునేటట్టు మాట్లాడుకున్నారు. ఆ రోజు చెరువులో చేపల పట్టుబడి ఉండదు. ఇలియాస్ పెట్టెని ట్రేలో పెట్టి, ఆమెని బస్‌స్టాండులో దింపి వచ్చాడు. ఇంటికొచ్చాక ఆబిదా అతనికి పచ్చడి సీసా ఇచ్చి మూత తియ్యమంది. అతను ముందు వేడినీళ్ళు పోశాడు.

గంగారత్నానికి ఇప్పుడు సరళీ వరసలు సగం వచ్చాయి. కృష్ణబాబు పడక మంచాన్ని ఇంట్లోంచి చెరువు గట్టు మీదికి మార్చుకున్నాడని ఆమే చెప్పింది, నవ్వకుండా. ఈ మధ్య తాడేపల్లిగూడెం నుంచి ఆలియా వాళ్ళ వీధి చర్చి హార్మోనియం ఒకటి ఆబిదా దగ్గరికి వచ్చింది. ఇలియాస్ గొట్టానికి పళ్ళు పెట్టి, డ్రిల్లు చార్జింగు పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. ఆ పెట్టెలో స్క్రూలన్నీ మామూలు స్క్రూడ్రైవర్‌కే తిన్నగా తిరిగి వచ్చేశాయి. ఇలియాస్ కాసేపు అక్కడే ఉండి, తర్వాత వెళ్ళి మామగారి మంచం మీద కూర్చున్నాడు.